తాతల ఆస్తి, తాతల బాకీ: ‘ట్రేసెస్ ఆఫ్ ది ట్రేడ్’ డాక్యుమెంటరీపై ఒక పరిశీలన

ఇంటి పెద్ద కన్నుమూసినపుడు ఆయన విడిచిపోయిన ఆస్తిని వారసులు వెంటనే పంచుకోరు. ముందు కఫన్ దఫన్ ఖర్చులు, తరువాత ఆయన చెల్లించవలసిన అప్పులు, ఆ పిమ్మట మూడోవంతుకు మించని వసీయత్. ఇవన్నీ తీరగా మిగిలినదే వారసుల వాటా. ఈ క్రమం అంతగా చదువుకోని ముస్లిం కుటుంబాలకు కూడా తెలిసినదే. తండ్రి చేసిన పాపం కుమారుని కర్మల చిట్టాలో వ్రాయబడదన్న సంగతీ అంతే బాగా తెలుసు. పాపం చేసినవానితోనే పోతుంది. బాకీ మాత్రం ఆస్తిని అంటిపెట్టుకొని నిలుస్తుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోతే వారసుడు రెండు పొరపాట్లలో ఏదో ఒకటి చేస్తాడు. తాను చేయని పాపానికి కుమిలిపోతూ కూర్చుంటాడు. లేదా తాను చేయలేదు గనుక తనకేమీ సంబంధం లేదని చేతులు దులుపుకొంటాడు.

2008లో అమెరికాలో విడుదలైన ‘ట్రేసెస్ ఆఫ్ ది ట్రేడ్’ అనే డాక్యుమెంటరీ చిత్రం ఈ రెండు పొరపాట్ల మధ్య దారి వెదుకుతున్న ఒక కుటుంబం కథ. దర్శకురాలు కత్రినా బ్రౌన్ ఆ కుటుంబంలోని స్త్రీయే. అమెరికా చరిత్రలో బానిస వ్యాపారం చేసిన కుటుంబాలన్నింటిలోకి పెద్దదైన డివోల్ఫ్ వంశంలో ఆమె జన్మించింది. 2008 జనవరిలో సండాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శింపబడి, అదే సంవత్సరం జూన్‌లో అమెరికా ప్రజా టెలివిజన్‌లో ప్రసారమైన ఈ చిత్రం సుమారు గంటన్నర నిడివి గలది. అమెరికాలోకి బానిసల దిగుమతిని నిషేధించిన చట్టం 1808లో అమలులోకి వచ్చి అప్పటికి సరిగా రెండు వందల సంవత్సరాలు.

వ్యాపారం నడిచిన తీరు

బానిసత్వమనగానే అమెరికా దక్షిణ రాష్ట్రాలు, ప్రత్తి చేలు, కొరడా పట్టిన యజమాని గుర్తుకు వస్తారు. ఉత్తరాది వారు బానిసల విముక్తి కోసం పోరాడినవారుగా పాఠ్యపుస్తకాలలో కనిపిస్తారు. చిత్రం మొదట కూల్చేది ఈ నమ్మకాన్నే. డివోల్ఫ్ కుటుంబం నివసించిన బ్రిస్టల్ పట్టణం ఉత్తరాన రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోనిది. అమెరికా ఓడలు బానిసల కోసం ఆఫ్రికాకు చేసిన ప్రయాణాలలో సగానికి పైగా ఆ చిన్న రాష్ట్రం నుండి బయలుదేరినవే.

1769 నుండి 1820 వరకు మూడు తరాల డివోల్ఫులు ఈ వ్యాపారం చేశారు. వారి ఓడలలో సముద్రం దాటించబడిన ఆఫ్రికా ప్రజలు పదివేలకు పైమాటే. వ్యాపారం ఒక చక్రంలా తిరిగేది. క్యూబాలోని తోటలనుండి చెరకు మడ్డి బ్రిస్టల్‌కు వచ్చేది. అక్కడి బట్టీలలో దానిని కాచి రమ్ అనే సారాయి తీసేవారు. ఆ సారాయిని పీపాలకెత్తి పశ్చిమ ఆఫ్రికా తీరానికి పంపి, దానికి మారుగా మనుషులను తెచ్చేవారు. ఆ మనుషులను హవానాలోనో, దక్షిణ కరొలైనాలోని చార్లెస్టన్ రేవులోనో అమ్మి, మళ్ళీ మడ్డి నింపుకొని ఇంటికి మరలేవారు. ఓడ తమది, బట్టీ తమది, బ్యాంకు తమది, ఓడలకు బీమా చేసే కంపెనీ తమది, క్యూబాలో తోటలు కూడా తమవే. లాభం చేయి మారకుండా ఒకే కుటుంబంలో ఉండిపోయే ఏర్పాటది.

ఆ రోజులలో అది తప్పని ఎవరికీ తెలియదన్న వాదానికి ఇక్కడ చోటు లేదు. రోడ్ ఐలాండ్ రాష్ట్రమే 1787లో తన పౌరులు ఈ వ్యాపారంలో పాల్గొనరాదని చట్టం చేసింది. 1794లో కేంద్ర ప్రభుత్వం విదేశీ రేవులకు బానిసలను చేరవేయడాన్ని నిషేధించింది. కుటుంబంలో అందరికంటె ధనవంతుడైన జేమ్స్ డివోల్ఫ్ మీద 1791లో హత్యానేరం మోపబడింది. మశూచి సోకిన ఒక ఆఫ్రికా స్త్రీని ఆయన తన ఓడలోనుండి సజీవంగా సముద్రంలోకి దింపించాడన్నది ఆరోపణ. ఆయనకు శిక్ష పడలేదు. 1804లో బ్రిస్టల్ రేవుకు సుంకాధికారిగా నియమితుడైన చార్లెస్ కాలిన్స్ ఆయనకు వివాహ సంబంధం వలన బంధువు. అటు తరువాత చట్టం ఉన్నా దానిని అమలుపరిచే చేయి లేకపోయింది. అదే జేమ్స్ డివోల్ఫ్ 1821లో అమెరికా సెనేట్ సభ్యుడై 1825 దాకా ఆ పదవిలో ఉన్నాడు.

చిత్రంలో ఎక్కువ ఆలోచింపజేసే భాగం ఒక్క కుటుంబం గురించినది కాదు. బ్రిస్టల్‌లో పీపాలు చేసేవారు, ఇనుము కొట్టేవారు, త్రాళ్ళు పేనేవారు, ఓడలకు ఆహారం అమ్మే రైతులు, ఓడ ప్రయాణంలో చిన్న చిన్న వాటాలు కొన్న సామాన్యులు అందరూ ఆ చక్రంలో ఉన్నవారేనని చరిత్రకారులు ఒక్కొక్కటిగా వివరిస్తారు. దుర్మార్గం చేయడానికి దుర్మార్గులు అంతమంది అక్కరలేదని, తమ పని తాము చూచుకొనేవారు చాలినంతమంది ఉంటే సరిపోతుందని ఈ భాగం చూచినవారికి అర్థమవుతుంది.

మూడు మజిలీలు

కత్రినా బ్రౌన్‌కు ఈ చరిత్ర తెలిసినది ఆమె మత విద్యాలయంలో చదువుకొంటున్న రోజులలో. అమ్మమ్మ వ్రాసి పంచిన కుటుంబ చరిత్ర పుస్తకంలో బానిస వ్యాపారం ప్రస్తావన కొద్దిపాటి మాటలలో ఉంది. చదివినపుడు ఆమెను కలవరపెట్టినది ఆ సంగతి ఒక్కటే కాదు. అది తనకు ఎక్కడో లోపల ముందే తెలిసి ఉండి, తెలియనట్లు బ్రతికానన్న గ్రహింపు అంతకంటె కలవరపెట్టింది. ఆమె సుమారు రెండు వందలమంది బంధువులకు ఉత్తరాలు వ్రాసి, పూర్వీకుల ఓడలు తిరిగిన దారినే తిరిగివద్దామని పిలిచింది. తొమ్మిదిమంది కదిలారు. మిగిలినవారి మౌనం కూడా చిత్రంలో ఒక పాత్ర వంటిదే.

2001లో సాగిన ఈ ప్రయాణం బ్రిస్టల్‌లో మొదలవుతుంది. అమెరికా స్వాతంత్ర్య దినోత్సవపు ఊరేగింపును 1785 నుండి జరుపుకొంటున్న పట్టణమది. జెండాలు, బాజాలు, పిల్లల కేరింతల నడుమ ఆ పదిమంది నిలుచుని చూస్తుంటారు. స్వేచ్ఛను గూర్చి ఊరంతా పండుగ చేసికొంటున్నపుడు, ఆ ఊరి వైభవం దేనిమీద నిలిచిందో తెలిసినవారి ముఖాలను కెమెరా వ్యాఖ్యానం లేకుండా చూపుతుంది.

ఘానాలో కేప్ కోస్ట్ కోట నేలమాళిగలు ఈ చిత్రానికి గుండెకాయ. వందలాది మనుషులను నెలల తరబడి కుక్కి ఉంచిన ఆ చీకటి గదులలో వారసులు కూర్చుంటారు. పురుషుల చెరకు సరిగా పైన ప్రార్థనా మందిరం కట్టబడి ఉంది. పైన స్తోత్రాలు, క్రింద ఆర్తనాదాలు. మతాన్ని నమ్మేవారెవరూ ఈ దృశ్యాన్ని తేలికగా దాటిపోలేరు. దైవం పేరు పలికే పెదవులకు, క్రింది అంతస్తులోని ఊపిరి వినిపించకుండా చేసికొనే శక్తి కూడా ఉండగలదన్న సంగతి ఏ ఒక్క మతస్థులకో పరిమితమైన హెచ్చరిక కాదు. ఇదే సమయంలో తమ పూర్వీకుల స్మృతికై అక్కడికి వచ్చిన నల్లజాతి అమెరికన్లలో కొందరికి ఈ తెల్లవారి రాక రుచించదు. తమ దుఃఖదినాన వీరెందుకని వారు బాధపడతారు. ఆ అభ్యంతరాన్ని కత్తిరించకుండా ఉంచడం దర్శకురాలి నిజాయితీకి నిదర్శనం.

మూడో మజిలీ క్యూబా. శిథిలమైన తోటల మధ్య నిలుచుని, తమ వంశపు సంపదకు మూలం ఏ మన్నో వారు చూస్తారు. ఇక్కడే చిత్రంలో అసలు ఘర్షణ పుడుతుంది. సహ నిర్మాతలలో ఒకరైన నల్లజాతి స్త్రీ హువానిటా బ్రౌన్ కెమెరా ముందుకు వచ్చి, వీరి మర్యాదైన మాటతీరును ప్రశ్నిస్తుంది. ఇంత చూచిన తరువాత కూడా ఇంత నెమ్మది ఎలా సాధ్యమన్నది ఆమె ప్రశ్నలోని సారం. పెద్ద కుటుంబాలలో పిల్లలకు నేర్పే సభ్యత ఎంత తేలికగా ఒక తెరగా మారుతుందో అప్పుడు బయటపడుతుంది.

లెక్క దగ్గర ఆగిన చిత్రం

ఇంతవరకు చిత్రం గొప్పదే. ఐతే ఇక్కడినుండే దాని నడక సందేహాస్పదమవుతుంది. కన్నీళ్ళు నిజమైనవే, సిగ్గు నిజమైనదే. కాని కన్నీళ్ళు ఎవరి కోసం? నేలమాళిగలో కూర్చున్న వారసుని దుఃఖం మీద కెమెరా నిలిచినంతసేపు, అక్కడ ప్రాణం విడిచినవాని మీద నిలువదు. నిలువడానికి అతని ముఖం లేదు, పేరు లేదు. పదివేలమందిలో చిత్రం పేరుపెట్టి తలచేది ముఖ్యంగా ఇద్దరు పిల్లలను: అజువా, పాలిడోర్. జేమ్స్ డివోల్ఫ్ తన భార్యకు క్రిస్మస్ కానుకగా ఇచ్చిన పసివాళ్ళు వీరు. వీరి పేర్లతో ఒక పిల్లల పాట ఆ కుటుంబంలో తరతరాలుగా పాడుకోబడింది. అజువా అన్నది సోమవారం పుట్టిన ఆడపిల్లకు ఘానాలోని అకాన్ ప్రజలు పెట్టే పేరు. పాలిడోర్ అన్నది గ్రీకు పేరు. పిల్ల తన పేరును నిలుపుకోగలిగింది; పిల్లవానికి తల్లి పెట్టిన పేరేమిటో తెలిపే గుర్తు కూడా మిగలలేదు. ఇంతటి విషయం చేతిలో ఉండగా చిత్రం దానిని లోతుగా తవ్వదు.

మరొక లోటు ముస్లిం పాఠకునికి వెంటనే తడుతుంది. పశ్చిమ ఆఫ్రికానుండి తరలించబడినవారిలో ముస్లింలు గణనీయంగా ఉన్నారు. నేటి సెనెగల్ ప్రాంతంలో పుట్టిన పండితుడు ఉమర్ ఇబ్న్ సయీద్ 1807లో చార్లెస్టన్ రేవులో బానిసగా దింపబడ్డాడు. ఆయన 1831లో అరబ్బీలో వ్రాసిన ఆత్మకథ నేడు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. డివోల్ఫ్ ఓడలు మనుషులను తెచ్చి అమ్మిన రేవులలో చార్లెస్టన్ ఒకటి. అంతమాత్రాన ఉమర్ వారి ఓడలోనే వచ్చాడని అర్థం కాదు. ఓడ అడుగున ఉన్నవారు చదువు, భాష, ఆరాధన గల మనుషులని మాత్రం ఆ వ్రాతప్రతి సాక్ష్యం చెబుతుంది. వారసుల ఆత్మశోధనలో ఈ సాక్షులకు చోటు దొరకలేదు.

అన్నిటికంటె పెద్ద లోటు లెక్కకు సంబంధించినది. ఆ పదిమందిలో పలువురు పేరెన్నికగన్న విశ్వవిద్యాలయాలలో చదివినవారని ఒక సందర్భంలో బయటపడుతుంది. చిత్రంలో మెరుపు వంటి క్షణమది. సంపద చాలావరకు తరాల మధ్య కరిగిపోయి ఉండవచ్చు. 1825లో జార్జ్ డివోల్ఫ్ దివాలా తీసి, పట్టణంలో ఎందరినో తనతోపాటు ముంచి, క్యూబాకు పారిపోయిన మాట నిజం. అయినా పేరు, పరిచయాలు, చదువు, నిశ్చింత అనే ఆస్తులు దివాలాలో పోవు. అవి చేతులు మారుతూ వచ్చాయి. అయితే వచ్చినది ఎంత? దానిలో బాకీ ఎంత? నష్టపరిహారం అన్న మాట చిత్రంలో వస్తుంది, చర్చ జరుగుతుంది, చర్చగానే మిగిలిపోతుంది.

క్షమాపణ, చెల్లింపు

చిత్రం చివరి భాగంలో ఈ కుటుంబ సభ్యులు తమ ఎపిస్కోపల్ చర్చి ముందుకు వెళతారు. 2006లో ఆ చర్చి మహాసభ బానిసత్వంలో తన పాత్రకు క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది. 2008 జూలైలో అమెరికా ప్రతినిధుల సభ, 2009 జూన్‌లో సెనేట్ కూడా క్షమాపణ తీర్మానాలు ఆమోదించాయి. సెనేట్ తీర్మానంలో ఒక షరతు చేర్చబడింది: దీని ఆధారంగా ఎవరూ ప్రభుత్వం మీద దావా వేయడానికి వీలులేదు. పాపం ఒప్పుకొంటూ బాకీని కొట్టివేసిన పత్రమది. ఒప్పుకోలు ఎంత వినయంగా ఉన్నా, ఋణదాత తన హక్కును వదులుకోకుండానే ఋణస్తుడు తనంతట తాను రద్దు వ్రాసికొంటే అది చెల్లదు. మనుషుల హక్కులు మనుషులే మాఫీ చేయాలి. ‘హుఖూఖుల్ ఇబాద్’ అన్న మాటకు అర్థమదే.

చెల్లింపు అసాధ్యమన్న వాదం చరిత్ర ముందు నిలువదు. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దుచేసినపుడు రెండు కోట్ల పౌన్లు చెల్లించింది. ఆ సొమ్ము ముట్టినది విముక్తులైన బానిసలకు కాదు, వారిని పోగొట్టుకొన్న యజమానులకు. అందుకై తెచ్చిన అప్పు 2015లో గాని పూర్తిగా తీరలేదు. ఎవరికి, ఎంత అన్న లెక్క అప్పుడు పైసాతో సహా కట్టగలిగారు. చెల్లించే మనసు ఉన్నచోట లెక్క తేలింది.

ఎవరికి చెల్లించాలో ఇప్పుడు ఎలా తెలుస్తుందన్నది మరొక ప్రశ్న. కొన్ని చోట్ల తెలుస్తుంది. 1838లో అమెరికాలోని జెసూట్ గురువులు 272 మందిని లూసియానాకు అమ్మివేశారు. జార్జ్‌టౌన్ విద్యాలయం ఆ సొమ్ముతో గట్టెక్కింది. అమ్మకపు పత్రాలలో పేర్లున్నాయి గనుక వారి సంతతిని వెదకి పట్టుకొన్నారు. 2021లో ఆ మతసంస్థ పది కోట్ల డాలర్లు సమకూర్చుతానని వాగ్దానం చేసింది. బ్రిటన్‌లోని ట్రెవెల్యన్ కుటుంబం 2023లో గ్రెనడాకు వెళ్ళి క్షమాపణ చెప్పినపుడు, ఆ కుటుంబానికి చెందిన పాత్రికేయురాలు లారా ట్రెవెల్యన్ విద్య కోసం లక్ష పౌన్లు ప్రకటించింది. మొత్తం చిన్నదని విమర్శించవచ్చు. అయితే ఆ కుటుంబం క్షమాపణతో పాటు ఖాతా కూడా తెరిచింది. పేర్లు దొరకని చోట సంగతి ఏమిటన్నది ఫిఖ్ చదివినవారికి కొత్త ప్రశ్న కాదు. హక్కుదారు జాడ తెలియని సొమ్ము చేతిలో ఉన్నవానిది కాజాలదు. అతని తరఫున దానధర్మాలకు, ప్రజోపయోగానికి వినియోగించాలన్నది ధర్మశాస్త్రవేత్తలలో అధికుల అభిప్రాయం.

వారసునికి ఇది మోయలేని భారమని భయపడనక్కరలేదు. బాకీ ఆస్తి మేరకే. అంతకు మించి వారసుడు తన కష్టార్జితం నుండి తీర్చాలన్న విధి లేదు. తీర్చదలచుకొంటే అది అతని ఔదార్యం. బాకీ ఉన్న ఒక వ్యక్తి జనాజా ముందుకు వచ్చినపుడు దైవప్రవక్త (స) తాము నమాజు చేయించక ఆగిన సందర్భం హదీసు గ్రంథాలలో ప్రసిద్ధం. అప్పుడు అబూ ఖతాదా (ర) ఆ మూడు దీనార్ల బాకీని తన మీద వేసికొన్నారు. ఆ బాకీ చేసినది ఆయన కాదు. పాపభావంతో కాక బాధ్యతతో ముందుకు రావడం ఎలా ఉంటుందో అందులో కనిపిస్తుంది. డివోల్ఫ్ వారసులు ఆ మెట్టు దాకా వచ్చారు. చిత్రం వారిని మెట్టు ఎక్కించకుండానే ముగుస్తుంది.

అద్దం ఇటు తిప్పితే

ఈ చిత్రాన్ని చూచే ముస్లిం పాఠకునికి ఒక సులువైన దారి ఎదురవుతుంది. ఇది తెల్లజాతివారి నేరం, చర్చి నేరం అని తీర్పుచెప్పి ఊరుకోవడం. అలా ఊరుకొంటే చిత్రం చూచిన ఫలం లేదు. ఆఫ్రికా తూర్పు తీరంలో అరబ్బు వర్తకులు తరతరాలుగా మనుషులను అమ్మారు. ముస్లిం సుల్తానుల ఏలుబడిలోని జాంజిబార్ బానిస సంత 1873లో గాని మూతపడలేదు. అదీ బ్రిటిష్ వారి ఒత్తిడి వల్ల. మారిటేనియాలో బానిసత్వం చట్టరీత్యా రద్దయినది 1981లో. బానిసను విడిపించడం మహాపుణ్యమని నేర్పిన ధర్మాన్ని నమ్మేవారి చేతుల మీదుగా ఇది జరిగింది. ధర్మం చెప్పినది ఒకటి, సంతలో నడిచినది మరొకటి అన్న జవాబు నిజమే కావచ్చు. కేప్ కోస్ట్ కోటలో పైఅంతస్తువారు కూడా ఆ జవాబే చెప్పగలరు.

దక్కను చరిత్రకూ ఇందులో పాలు ఉంది. ఇథియోపియాలో పుట్టి, చేతులు మారి మారి అమ్ముడుపోయి, అహ్మద్‌నగర్ రాజ్యానికి పెద్దదిక్కై 1626లో మరణించిన మలిక్ అంబర్ ప్రతిభను గర్వంగా చెప్పుకోవడం పరిపాటి. ఆయనను అమ్మినవారెవరు, కొన్నవారెవరు అన్న ప్రశ్న ఆ గర్వంలో వినిపించదు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అన్న పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికా ఆశ్వికదళం నుండి వచ్చినది. ఆ సిద్దీ కుటుంబాల సంతతి నేటికీ నగరంలో ఉన్నారు. వారి పెద్దలు ఈ గడ్డకు ఎలా చేరారో, ఎవరి కొలువులో ఏ షరతులపై ఉన్నారో ఆ పేట మీదుగా పోయేవారిలో ఎందరు అడిగి తెలిసికొన్నారు?

‘ట్రేసెస్ ఆఫ్ ది ట్రేడ్’ లోపాలు గల చిత్రం. దుఃఖం దగ్గర ఎక్కువసేపు, లెక్క దగ్గర తక్కువసేపు నిలిచిన చిత్రం. అయినా రెండు వందలమందికి ఉత్తరాలు వ్రాసి, తొమ్మిదిమందితో బయలుదేరి, తన ఇంటి గుట్టును తానే బజారున పెట్టిన ఆ స్త్రీ సాహసం తక్కువది కాదు. వంశవృక్షాలు వ్రాసి దాచుకొన్న కుటుంబాలు, వక్ఫు దస్తావేజులు భద్రపరచుకొన్న సంస్థలు, జాగీరుల చరిత్ర చెప్పుకొనే ఇండ్లు ఈ చిత్రాన్ని చూడాలి. చూచిన తరువాత తమ కాగితాలను మరొకసారి విప్పి, వాటిలో తాతల పేర్లతో పాటు ఇంకెవరి పేర్లయినా ఉన్నాయేమో చదవాలి.